జనరేటర్ మొరాయించిన ఆరు రోజులు

మా బావమరిది సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ (లోపల మంచం, వంటగది ఉండే ఇల్లులాంటి బండి) కొన్నానని ఫోన్ చేసినప్పుడు, అందులోని జనరేటర్ ఇప్పటిదాకా ఎన్ని గంటలు తిరిగిందని అడిగాను.

"పదిహేనేళ్ల బండికి 140 గంటలే బావా! పాతాయన దాన్ని ముట్టుకోనే లేదట," అని మురిసిపోయాడు.

కారు తక్కువ తిరిగితే గొప్పే. జనరేటర్‌కి మాత్రం అది జబ్బు. నెలకోసారి రెండు గంటలు, సగం లోడు పెట్టి తిప్పమని దాంతో వచ్చే పుస్తకంలోనే ఉంటుంది. తిప్పకపోతే, గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరై, అడుగున జిగురులా పేరుకుంటుంది. ఆ మాటే వాడికి చెప్పాను. "ఏదైనా తేడా వస్తే అది జిగురే, రాసిపెట్టుకో" అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. తర్వాత ఆరు రోజులూ మా ఆవిడ దాన్ని గుర్తుచేస్తూనే ఉంది.

బండి పొడవు 31 అడుగులు. వెనక పెట్టెలో 4000 వాట్ల పెట్రోలు జనరేటర్, 120 వోల్టులు, 60 హెర్ట్జ్. బండి నడిచే ట్యాంకు నుంచే దానికీ పెట్రోలు వెళుతుంది. (అమెరికాలో అందరూ పెట్రోలునే గ్యాస్ అంటారు. కానీ ఈ బండిలో స్టవ్‌కి, హీటర్‌కి విడిగా అసలు గ్యాస్ సిలిండర్ ఉంది కాబట్టి నేను పెట్రోలు అనే రాస్తాను.) మనుషులం ముగ్గురం: నేను, మా ఆవిడ, వాడు. సామానులో నా పాత మల్టీమీటర్, ప్లగ్గులో పెట్టి చూసే చిన్న వోల్టు మీటర్. నేను ఎలక్ట్రీషియన్‌ని కాను. కాకపోతే భయం తెలిసినవాణ్ణి.

మొదటి రోజు: లాస్ వేగస్ నుంచి సెయింట్ జార్జ్

జూన్ ఎండలో మధ్యాహ్నం బయలుదేరాం. డ్రైవర్ ముందున్న ఏసీ గాలి వెనక మంచం దాకా రాదు. అందుకే బండి నడుస్తుండగానే జనరేటర్ వేసి, కప్పు మీది ఏసీ నడిపించాం. గంటన్నర హాయిగా సాగింది.

ఐ-15 హైవే నెవాడా దాటి యూటాలోకి వెళ్లేముందు అరిజోనా మూలని కొంచెం కోసుకుంటూ పోతుంది. అక్కడ వర్జిన్ నది తొలిచిన ఇరుకు లోయ ఉంది. రెండు పక్కలా నిలువు రాతిగోడలు, మెలికల దారి, పైకి ఎక్కుడు. సరిగ్గా అక్కడే వెనక నుంచి రెండు దగ్గులు వినిపించాయి. తర్వాత నిశ్శబ్దం. ఏసీ ఆగిపోయింది.

బావమరిది స్విచ్ నొక్కితే స్టార్ట్ అయింది. రెండు నిమిషాలు తిరిగి మళ్లీ చచ్చింది. స్విచ్‌లోని చిన్న ఎర్రలైటు మూడుసార్లు మెరిసి, ఆగి, ఆరుసార్లు మెరిసింది. మా ఆవిడ పుస్తకం తీసి 36 దగ్గర వేలుపెట్టి చదివింది. సారాంశం ఏమిటంటే, ఆగమని ఎవరూ చెప్పకుండానే ఇంజిన్ ఆగిపోయింది.

"అది మాకూ తెలుసు," అన్నాడు బావమరిది స్టీరింగ్ మీదనుంచి చూపు తిప్పకుండా.

నిజానికి ఆ కోడ్ పనికిమాలినదేమీ కాదు. నూనె తగ్గి ఆగితే వేరే నంబరు వస్తుంది, వోల్టేజి తేడా చేస్తే ఇంకోటి. ఇవేవీ కాదంటే మిగిలేది చాలావరకు పెట్రోలే. ఇంజిన్‌కి తిండి అందడం లేదు. నేను వెంటనే "జిగురు" అన్నాను. సెయింట్ జార్జ్ చేరగానే కార్బ్యురేటర్ కింది గిన్నె విప్పి శుభ్రం చేయాలని మనసులోనే పథకం వేసుకున్నాను.

పెట్రోలు బంకులోకి తిప్పాం. స్క్రూడ్రైవర్ల సంచి కోసం వెతుకుతుంటే మా ఆవిడ ముందు సీట్లోంచి, "ఏవండీ, ముల్లు పావు దగ్గరుంది. అది మామూలేనా?" అంది.

సంచి మూసేశాను. మోటార్‌హోమ్ ట్యాంకులో జనరేటర్‌కి పెట్రోలు పీల్చే గొట్టాన్ని కావాలనే పొట్టిగా పెడతారు. ట్యాంకులో సుమారు పావు వంతు మిగలగానే ఆ గొట్టం గాలిలో ఉంటుంది, జనరేటర్ ఆగిపోతుంది. రాత్రంతా ఏసీ వేసుకుని పడుకుని, పొద్దున్నే ఎడారి మధ్య బండి కదలక చిక్కుకోకుండా ఈ ఏర్పాటు. ఎక్కుడులో పెట్రోలు ట్యాంకులో వెనక్కి ఒరిగి, మలుపుల్లో అటూ ఇటూ ఊగి, గొట్టం మూతికి ఒకసారి అందుతూ ఒకసారి అందకుండా పోయిందన్నమాట. ఆ రెండు దగ్గులు అవే.

ట్యాంకు నింపాం. బంకు దాటి దూరంగా వచ్చాక స్విచ్‌ని స్టాప్ వైపు కొన్ని సెకన్లు నొక్కిపట్టుకున్నాం. మా మోడల్‌లో అలా చేస్తే పంపు ముందుగా తిరిగి, ఖాళీ అయిన గొట్టాన్ని నింపుతుంది. ఆ తర్వాత స్టార్ట్ నొక్కితే ఒక్క దెబ్బకి అందుకుంది. ఏసీ వచ్చింది. బావమరిది నావైపు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

రెండో రోజు: జయాన్

జయాన్ నేషనల్ పార్కులో మేం దిగిన వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో జనరేటర్ వేయనివ్వరు. దానికి బదులు మా చోటు పక్కనే కరెంటు స్తంభం ఉంది. 30 ఆంపియర్ల ప్లగ్గు పెడితే ఏసీ, మైక్రోవేవ్, వాటర్ హీటర్ అన్నీ నడిచాయి. గోడ మీది ప్యానెల్‌లో బ్యాటరీ 13.6 వోల్టులు చూపించింది. అంటే చార్జింగ్ కూడా అవుతోంది. స్నానాలకి వేడినీళ్ల కోసం బావమరిది వాటర్ హీటర్‌ని గ్యాస్ నుంచి కరెంటుకి మార్చాడు. స్తంభం కరెంటు ఊరికే వస్తుంటే సిలిండర్ ఎందుకు ఖర్చుచేయడం అని.

ఆ స్విచ్ సంగతి గుర్తుపెట్టుకోండి. మేం మర్చిపోయాం.

మిగతా రోజంతా పార్కు బస్సులో లోయలోకి వెళ్లి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. నిన్న మా జనరేటర్ దగ్గిన లోయని తొలిచింది కూడా ఈ వర్జిన్ నదే. ఇక్కడ మోకాలి లోతు కూడా లేదు.

మూడో రోజు: బ్రైస్ కాన్యన్

జయాన్ నుంచి తూర్పుకి దగ్గరదారి కొండలోని సొరంగం గుండా వెళుతుంది. 1930లో తెరిచిన ఆ సొరంగం మా బండి లాంటివాటిని దృష్టిలో పెట్టుకుని కట్టింది కాదు. అందుకే వెనక్కి ఐ-15 ఎక్కి ఉత్తరానికి పోయి, 20వ నంబరు రోడ్డు మీద కొండ దాటి, 89 మీదుగా చుట్టు తిరిగి వచ్చాం. జయాన్ లోయ అడుగు సుమారు 4000 అడుగుల ఎత్తు. బ్రైస్ అంచు 8000 పైన. దిగగానే గాలి చల్లగా, పల్చగా తగిలింది. నాలుగు మెట్లు ఎక్కితేనే ఆయాసం.

జనరేటర్‌కీ అదే ఆయాసం వచ్చింది.

ఇక్కడ మేం దిగిన చోట కరెంటు స్తంభాలు లేవు. జనరేటర్ కూడా పగటిపూట అనుమతించిన వేళల్లోనే వేయాలి. సాయంత్రం వేశాం. ఇంజిన్ ఒక్కలా తిరగడం లేదు. ఎగిసి, తగ్గి, మళ్లీ ఎగిసి, ఉయ్యాల ఊగినట్టు. సైలెన్సర్ గొట్టం దగ్గర నల్లటి పొగ, పచ్చి పెట్రోలు వాసన. మా ఆవిడ పాలు వేడిచేద్దామని మైక్రోవేవ్ నొక్కింది. లోపలి పళ్లెం పావు చుట్టు తిరిగిందో లేదో, ఇంజిన్ గుర్రుమని మూలిగి ఆగిపోయింది.

"జిగురా బావా?" అన్నాడు వాడు.

ఈసారి నోరు జారలేదు. పొగ నల్లగా ఉందంటే పెట్రోలు తక్కువై కాదు, ఎక్కువై. జిగురు అడ్డుపడితే పెట్రోలు తగ్గాలి కదా. ఎత్తుకి వచ్చేసరికి గాలి పల్చబడింది, కార్బ్యురేటర్ మాత్రం కింద పోసినంతే పోస్తోంది. పెట్టె తలుపు తీసి టార్చి వేసి చూస్తే కార్బ్యురేటర్ పక్కన బొటనవేలంత తిప్పుడుపుల్ల, దాని చుట్టూ అడుగుల అంకెలు. అది సున్నా దగ్గర దుమ్ముపట్టి ఉంది. పదిహేనేళ్లలో దాన్ని ఎవరూ కదిపినట్టు లేదు. 8000 వైపు తిప్పాను. మళ్లీ స్టార్ట్ చేస్తే ఉయ్యాల ఆగిపోయింది. పొగ కూడా.

అంతటితో అయిపోలేదు. ఆ పుల్ల తిప్పితే పొగ తగ్గుతుంది గానీ పోయిన బలం తిరిగి రాదు. ప్రతి 1000 అడుగులకి సుమారు 3.5 శాతం చొప్పున ఇలాంటి ఇంజిన్ బలం తగ్గుతుంది. 8000 అడుగులంటే 28 శాతం. మా 4000 వాట్లది ఇక్కడ దాదాపు 2900 వాట్లదే. అయినా ఒక్క మైక్రోవేవ్‌కే ఎందుకు చతికిలపడింది? అది గోడ నుంచి లాగేది 1500 వాట్లు. బ్యాటరీ చార్జింగ్‌కి ఇంకో 700 అనుకున్నా 2200 కదా. లెక్క కుదరలేదు. కాగితం మీద రాసి మళ్లీ కూడాను. కుదరలేదు.

ఈలోగా మా ఆవిడ స్నానాల గది గోడ మీది స్విచ్‌ల పలకని చూసి, "ఒరేయ్, ఇక్కడ ఎర్రలైటు వెలుగుతోంది. వాటర్ హీటర్ అని ఉంది," అని తమ్ముణ్ణి పిలిచింది.

నిన్నటి స్విచ్! స్తంభం మీద పెట్టింది అలాగే ఉంది. ఆ కాయిల్ ఒక్కటే 1400 వాట్ల పైచిలుకు. కూడితే 3600. ఉన్నది 2900. ఏ ఇంజినైనా చతికిలపడుతుంది మరి. నన్నడిగితే మోటార్‌హోమ్‌లలో జనరేటర్ ఆగిపోయిందనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఇలాంటి మర్చిపోయిన స్విచ్ ఒకటి ఉంటుంది. వాటర్ హీటర్ చప్పుడు చేయదు, వెలగదు, తిరగదు. మూల కూర్చుని మింగుతూ ఉంటుంది.

హీటర్ ఆపాం. జనరేటర్ చక్కగా తిరుగుతోంది. పాలు అప్పటికే స్టవ్ మీద కాగిపోయాయి కాబట్టి మైక్రోవేవ్‌ని మళ్లీ నొక్కి చూడలేదు. బయట కుర్చీలు వేసుకుని ఆ చప్పుడు వింటూ గంటసేపు కూర్చున్నాం, దాని సైలెన్సర్ పొగ పక్క బండి కిటికీల వైపు పోకుండా చూసుకుంటూ. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. లోపల మంచం దగ్గరున్న అలారం బటన్ నొక్కి అది మోగుతోందో లేదో చూశాకే నేను స్థిమితంగా కూర్చుంటాను. లోపల లైట్లన్నీ వెలుగుతున్నాయి. వేళ అయిపోగానే ఆపి, పడుకున్నాం.

బాగుచేశాక పరీక్షించకుండా పడుకోవడం ఆ రోజు నేను చేసిన పెద్ద తప్పు.

నాలుగో రోజు: లోన్ రాక్

రాత్రి చలికి గ్యాస్ హీటర్ ఆగి ఆగి తిరుగుతూనే ఉంది. మంట గ్యాస్‌దే అయినా గాలి ఊదే ఫ్యాను బ్యాటరీది. పొద్దున లేచేసరికి ప్యానెల్ మీద 11.7 వోల్టులు. మామూలు లెడ్ బ్యాటరీకి 12.6 ఉంటే కడుపునిండినట్టు, 12కి దిగితే సగం ఖాళీ అయినట్టు. 11.7 అంటే నీరసం. జనరేటర్ స్టార్ట్ నొక్కితే టిక్, టిక్. అంతే.

దీనికి మందు డ్రైవర్ సీటు దగ్గరే ఉంది. బండి ఇంజిన్ స్టార్ట్ చేసి, రెండు బ్యాటరీలనీ కలిపే స్విచ్‌ని నొక్కిపట్టుకుంటే ముందు బ్యాటరీ వెనకదానికి చెయ్యి అందిస్తుంది. అలా చేయగానే జనరేటర్ తిరిగింది. తర్వాత బండి ఇంజిన్ ఆపేశాను. ఆపి ప్యానెల్ చూశాను. జనరేటర్ తిరుగుతోంది, వోల్టులు మాత్రం 12.1, 12.0, 11.9 అంటూ కిందికి పోతున్నాయి. జయాన్‌లో 13.6 చూపించిన ప్యానెలే ఇది.

"నిన్న గంట తిప్పాం కదా బావా. మరి బ్యాటరీ ఎందుకు నిండలేదు?"

మైక్రోవేవ్ గడియారం చూశాను. నల్లగా ఉంది. అంకెలు లేవు.

"లైట్లు వెలిగాయిగా?" అన్నాడు వాడు.

ఈ ఒక్క మాట దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు, మేమూ వేశాం. మోటార్‌హోమ్‌లో రెండు కరెంటులుంటాయి. లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. ఏసీ, మైక్రోవేవ్, గోడ ప్లగ్గులు 120 మీద. ఆ 120లోంచి కొంత తీసుకుని బ్యాటరీని నింపేది కన్వర్టర్ అనే డబ్బా. లైట్లు వెలుగుతున్నాయంటే బ్యాటరీ ఉందని అర్థం, జనరేటర్ కరెంటు లోపలికి వస్తోందని కాదు. నిన్న సాయంత్రం గంటసేపు మేం పెట్రోలు తగలేసి చప్పుడు మాత్రమే తయారుచేశాం.

అక్కడితో జబ్బు పేరు మారిపోయింది. మొన్నా నిన్నా జనరేటర్ తిరగకపోవడం సమస్య. ఇవాళ అది బ్రహ్మాండంగా తిరుగుతోంది, కరెంటు చేరడం లేదు. ఇంజిన్ జోలికి పోవడం దండగ, తీగ పట్టుకుని నడవాలి. జనరేటర్ ఒంటి మీదున్న బ్రేకర్ చూశాం, ఆన్‌లోనే ఉంది. ఆఫ్ దాకా లాగి మళ్లీ వేశాం. లోపలి పెట్టెలో మెయిన్ బ్రేకర్ కూడా బాగానే ఉంది. మిగిలిన అనుమానం, స్తంభం కరెంటునో జనరేటర్ కరెంటునో ఎంచి ఇంట్లోకి పంపే ట్రాన్స్‌ఫర్ స్విచ్ మీద. అది వెనక మంచం కింద, పరుపూ పలకా ఎత్తితే గానీ అందదు. క్యాంప్ ఖాళీ చేసే వేళ అయింది. చేసేదిలేక బయలుదేరాం. దారిలో బండి ఆల్టర్నేటర్ బ్యాటరీని నింపింది, అదొక్కటే నయం.

సుమారు 150 మైళ్లు దక్షిణానికి దిగాం. రెడ్ కాన్యన్‌లో రోడ్డు మీదకి వంగిన ఎర్రరాతి తోరణాల కింద నుంచి, కనాబ్ ఊరు మీదుగా, లేక్ పవెల్ ఒడ్డున లోన్ రాక్ అనే చోటికి. అక్కడ స్తంభాలూ లేవు, గీతలు గీసిన చోట్లూ లేవు. ఇసుక, నీళ్లు, నీళ్లలో ఒంటరిగా నిలబడ్డ పెద్ద రాయి. చక్రాలు కూరుకుపోకుండా గట్టి నేల చూసుకుని ఆపాం. ఎండ మండిపోతోంది. ఎత్తు మళ్లీ 4000 లోపుకి వచ్చింది కాబట్టి ముందుగా కార్బ్యురేటర్ పుల్లని కిందికి తిప్పాను. తిప్పకపోతే ఈసారి పెట్రోలు తక్కువై ఇంజిన్ వేడెక్కుతుంది.

పరుపు ఎత్తాం.

ట్రాన్స్‌ఫర్ స్విచ్ అంటే చెప్పుల పెట్టె అంత రేకు డబ్బా. ఒక వైపు నుంచి స్తంభం తీగలు, ఇంకో వైపు నుంచి జనరేటర్ తీగలు లోపలికొస్తాయి. మూడో వైపు నుంచి ఇంట్లోకి పోతాయి. మధ్యలో ఒక రిలే, అంటే కరెంటు అందితే దానంతటదే మారే స్విచ్. జనరేటర్ కరెంటు రాగానే వెంటనే కలపదు, ఇంజిన్ కుదుటపడేదాకా ఇరవై ముప్ఫై సెకన్లు ఆగి, టక్కుమని అటు మారుతుంది. నిన్నా ఇవాళా ఆ టక్కు విన్నామా అని ఆలోచించాం. ఎవరికీ గుర్తులేదు.

జనరేటర్ ఆపాం. స్తంభం ప్లగ్గు ఎలాగూ లేదు. అయినా మూత తీశాక మీటర్ పెట్టి రెండు వైపులా సున్నా ఉందని చూశాకే తలదూర్చాను. మూత తీయగానే వాసన చెప్పేసింది. మాడిన ప్లాస్టిక్ వాసన, ఎప్పటిదో పాతది, చేపముల్లు కాలినట్టు. టార్చి వెలుగులో నల్ల తీగ బాగానే ఉంది. దాని పక్కన తెల్ల తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్, స్క్రూ దగ్గరికి వచ్చేసరికి తెలుపు కాదు, కాలిన రొట్టె అంచు రంగు. పైతొడుగు కరిగి వెనక్కి ముడుచుకుంది. లోపలి రాగి మెరుపు పోయి ఊదారంగు తిరిగింది. దాన్ని పట్టి ఉంచాల్సిన స్క్రూని గోటితో తాకితే కదిలింది. స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండా, గోటితో!

అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. పదిహేనేళ్ల కుదుపులకి స్క్రూ వదులైంది. వదులైన చోట కరెంటు వెళితే వేడి పుడుతుంది, ఆ వేడికి లోహం సాగి ముడుచుకుని ఇంకా వదులవుతుంది. న్యూట్రల్ సరిగ్గా తగలకపోతే రిలే కాయిల్‌కి కూడా పూర్తి కరెంటు అందదు, కాబట్టి అటు మారదు. మారినా వణుకుతుంది. జయాన్‌లో అంతా నడవడానికి కారణం కూడా ఇదే. స్తంభం తీగలకి విడిగా వేరే స్క్రూలున్నాయి, అవి గట్టిగానే ఉన్నాయి. మొదటి రోజు ఏసీ నడిచింది, అప్పటికి ఇంకా ఏ మూలో తగులుతోంది. బ్రైస్‌లో మైక్రోవేవ్, వాటర్ హీటర్ కలిసి గుంజిన గుంజుడే చివరి దెబ్బ అయుంటుంది.

ఒక్కసారి కరెంటు పెట్టి చూడాలనుకున్నాను, జనరేటర్ వైపు తప్పేమీ లేదని తేల్చుకోవడానికి. మీటర్ క్లిప్పులని అంతా ఆఫ్‌లో ఉండగానే తీగలకి తగిలించి, చేతులు తీసేసి, మంచం దిగి దూరంగా నిలబడి, అప్పుడు స్టార్ట్ చేయమన్నాను. తీగ మీద 122 వోల్టులు. నిక్కచ్చిగా ఉంది. ఆపించి, ఒక క్లిప్పుని ఆ కాలిన స్క్రూ మీదికి మార్చి మళ్లీ చూస్తే 40, 90, సున్నా, 70. డబ్బాలో రిలే టకటకటక మని పళ్లు కొరుకుతోంది. అలా కొరికినప్పుడల్లా దాని కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు. అవీ మాడిపోయాయని ఇక తెరిచి చూడక్కర్లేదు.

"స్క్రూ బిగించేసి రాత్రికి ఏసీ వేసుకుందాం బావా. పొద్దున చూసుకుందాం," అన్నాడు. వాడి చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

నాకూ అదే కోరిక. కానీ మంచం కింద ఒకసారి మాడిన తీగ, దానిమీద పరుపు, పరుపు మీద మేం. వద్దన్నాను. మూత బిగించి, జనరేటర్ బ్రేకర్ ఆఫ్ చేసి, ఎవరూ స్టార్ట్ నొక్కకుండా స్విచ్ మీద టేపు అంటించాను. కప్పు మీది 12 వోల్టుల ఫ్యాను వేసుకుని కిటికీలన్నీ తెరిచి పడుకున్నాం. పదింటికి గాలి చల్లబడింది. ఆ రాత్రి ఆకాశంలో చుక్కల మధ్య ఖాళీ కనిపించలేదు. జనరేటర్ బాగుండి ఉంటే కిటికీలు మూసుకుని ఏసీలో పడుకునేవాళ్లమే, చూసేవాళ్లం కాదు.

ఐదో రోజు: పేజ్

పేజ్ ఊళ్లో కరెంటు స్తంభాలున్న క్యాంపులోకి మారి, బండి దగ్గరికే వచ్చి బాగుచేసే మెకానిక్‌ని పిలిచాం. డెబ్బై దాటిన పెద్దాయన. ఏం జరిగిందో చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, ముందు పరుపెత్తమన్నాడు. మూత తీసి వాసన చూసి తలాడించాడు. కొత్త డబ్బా బిగించడానికి గంట పట్టింది. కాలిన తీగని నిగనిగలాడే రాగి కనిపించేదాకా కోసి, మిగిలిన పొడవు చాలుతుందో లేదో చూసుకున్నాడు. స్క్రూలని చేతి అందాజుతో కాకుండా, ఇంత బలానికి టక్కుమనే కొలత స్క్రూడ్రైవర్‌తో బిగించాడు. తర్వాత జనరేటర్ పక్కనున్న చిన్న జంక్షన్ పెట్టె కూడా విప్పి అక్కడి స్క్రూలనీ చూశాడు. అది నాకు తట్టలేదు. తీగకి రెండు కొసలుంటాయి కదా.

వెళ్లేముందు ఆగలేక అడిగాను: "కార్బ్యురేటర్‌లో జిగురేమైనా ఉంటుందంటారా?"

ఇంజిన్ చప్పుడు చెవిపెట్టి విని, లేదన్నాడు. మా ఆవిడ అటు తిరిగి నవ్వుకుంది.

ఆయన వెళ్లాక ప్లగ్గు మీటర్ పెట్టి ఒక్కొక్క లోడే వేశాం, ఈసారి ఏదీ వదలకుండా. ఖాళీగా తిరిగేటప్పుడు 124 వోల్టులు, 62 హెర్ట్జ్. ఏసీ కంప్రెసర్ అందుకోగానే ఇంజిన్ ఒక్క క్షణం కుంగి నిలదొక్కుకుంది: 118, 60. మైక్రోవేవ్ కూడా వేస్తే 113. కుంగుతోంది గానీ పడటం లేదు. ఏసీ 13 ఆంపియర్లు, మైక్రోవేవ్ 13, చార్జింగ్ 3. మెయిన్ బ్రేకర్ 30ది. బావమరిది ఊరుకోక ఎలక్ట్రిక్ కెటిల్ కూడా పెట్టాడు. బ్రేకర్ ఠప్పున పడిపోయింది. పడాల్సిందే, దాని పని అది చేసింది.

సాయంత్రం గ్లెన్ కాన్యన్ డ్యాము చూడ్డానికి వెళ్లాం. ఎనిమిది టర్బైన్లు, మొత్తం 1320 మెగావాట్ల సామర్థ్యం. వంతెన మీద నిలబడి కిందికి చూస్తుంటే బావమరిది అడిగాడు, వాటి హెర్ట్జ్ ఎంతుంటుందని. 60. మన వెనక పెట్టెలోదీ 60. వాడికి అది భలే నచ్చింది. తిరిగి బండి దగ్గరికి వచ్చేదాకా నలుగురికి చెప్పాడు.

ఆరో రోజు: తిరుగు దారి

కనాబ్, ఫ్రెడోనియా, హరికేన్ మీదుగా మళ్లీ ఐ-15. జనరేటర్ పొద్దున నుంచి ఆగకుండా తిరుగుతోంది, ఏసీ చల్లగా వీస్తోంది. దారంతా అరగంటకోసారి లేచివెళ్లి మంచం కింద డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసుకున్నాను. గోరువెచ్చగా కూడా లేదు. సెయింట్ జార్జ్ దాటాం. వర్జిన్ నది లోయలోకి దిగాం. అవే రాతిగోడలు, అవే మలుపులు.

వెనక నుంచి రెండు దగ్గులు. నిశ్శబ్దం.

నేను మల్టీమీటర్ కోసం లేచాను. బావమరిది స్పీడు తగ్గించాడు. మా ఆవిడ ముందుకి వంగి, పావు గీత మీద వాలిన ముల్లుని వేలితో తట్టి, మొహం గంభీరంగా పెట్టుకుని అంది:

"జిగురేమోనండీ."